తమ్ముడు వాక్యం చదివిన రోజు

చర్చిలో అమ్మ జ్ఞాపకార్థ కూడికలో బైబిలు వాక్యం తానే చదువుతానని తమ్ముడు పట్టుబట్టాడు. నేను వద్దన్నాను. పాస్టరుగారూ వద్దనే అన్నారు గానీ, మర్యాదస్తుడు కాబట్టి "అక్కగారు చదివితే బాగుంటుందేమో" అని చుట్టు తిప్పి చెప్పారు. ఆయన మా సంఘానికి కొత్త. తమ్ముడికి నత్తి ఉందని ఎవరో ముందే చెవిన వేశారు.

ఆ నత్తి అలాంటిలాంటిది కాదు. మాట గొంతులో అడ్డం పడిందంటే వాడు కళ్లు మూసుకుని అలాగే నిలబడిపోతాడు. పక్కనున్నవాళ్లకి ఊపిరాడదు. నాకైతే అసలే ఆడదు, అందుకని వాడు మొదలుపెట్టిన మాట నేనే పూర్తి చేసేస్తుంటాను. నాకు ఓపిక తక్కువ. మా ఇంటికి రావాల్సిన ఓపికంతా అమ్మ బడికి పట్టుకుపోయి అక్కడే ఖర్చు పెట్టేసేదని నా ఫిర్యాదు.

అమ్మ ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒకటో తరగతే చెప్పింది. హెడ్మిస్ట్రెస్‌ని చేస్తామంటే, "ఆ కుర్చీలో కూర్చుంటే ఫైళ్లు తప్ప పిల్లలు కనపడరు" అని తప్పించుకుంది. ఆదివారం కూడా ఊరుకునేది కాదు. చర్చి పక్కగదిలో పొట్టి కుర్చీలు వేసి, ఇంకా చదవడం రాని పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకునేది. బయట నోటీసు బోర్డు మీద అక్షరం తప్పు కనపడితే, సంచీలోంచి సుద్దముక్క తీసి దిద్దితే గానీ లోపలికి అడుగు పెట్టేది కాదు. అంత మనిషీ సాయంత్రానికి ఇల్లు చేరేసరికి ఓపిక అడుగంటిపోయి, విడిచి పడేసిన మేజోళ్ల మీదా మా మీదా ఒకే గొంతుతో అరిచేది. పోయినవాళ్ల గురించి ఇలా అనకూడదంటారు. మా అమ్మయితే విని నవ్వేది.

కూడిక రోజు పొద్దున తమ్ముడు అద్దం ముందు కాలరు సర్దుకుంటుంటే మరోసారి చెప్పి చూశాను.

"నా మాట వినరా. మధ్యలో ఆగిపోతే నలుగురూ నీ మీద జాలిపడతారు. అమ్మ కూడికలో ఆ జాలి మనకెందుకు?"

"ఆ... ఆగిపోతే ఆగిపోతానక్కా. మళ్లీ మొదలుపెడతాను."

"జనం అంతసేపు చూస్తూ కూర్చుంటారా?"

"చూ... చూడరు," అన్నాడు. వాడి ధీమా చూస్తే నాకు ఒళ్లు మండింది.

చర్చి నిండిపోయింది. అమ్మ దగ్గర చదువుకున్నవాళ్లే సగం మంది ఉన్నారు. బస్సు డ్రైవరు యూనిఫాం మీదే వచ్చేశాడు. మందుల షాపాయన, తల నెరిసిన నర్సు, ఇంకా నాకు ముఖాలు తెలిసి పేర్లు తెలియనివాళ్లు బోలెడంతమంది. తమ్ముడు మైకు ముందుకు వెళ్లాడు. మొదటి వచనం గట్టెక్కింది. రెండోదీ కాస్త తడబడుతూనే దాటింది. మూడోది మొదలుపెట్టగానే మాట అడ్డం పడింది.

వాడు కళ్లు మూసుకున్నాడు. మైకులోంచి వాడి ఊపిరి చర్చి అంతా వినిపిస్తోంది. నేను ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. ఆ మాటేమిటో నాకు తెలుసు, నాలుక చివరిదాకా వచ్చేసింది. పాస్టరుగారు కుర్చీలోంచి సగం లేచారు. సాయం చేద్దామనే, పాపం.

ఎవరి ముఖంలో జాలి ఉందో, ఎవరు నవ్వుతున్నారో చూద్దామని, అవసరమైతే ఉరిమి చూద్దామని వెనక్కి తిరిగాను. ఒక్కరూ వాడి వంక చూడటం లేదు. డ్రైవరు, నర్సు, మందుల షాపాయన, బెంచీలకు బెంచీలే తలలు వంచుకుని తమ కాళ్ల వంక చూసుకుంటున్నారు. అది ప్రార్థన అనుకుని కాబోలు, పాస్టరుగారు కూడా గబగబా కూర్చుని తల వంచేశారు. నాకేమీ అర్థం కాలేదు గానీ, అంతమంది తల వంచితే నేనొక్కదాన్నే నోరు తెరవలేకపోయాను. ఎంతసేపు గడిచిందో తెలియదు. తమ్ముడి గొంతు మళ్లీ వినిపించింది. ఆగిన మాట దగ్గరే అందుకుని చివరిదాకా చదివాడు. ఇంకో రెండు చోట్ల ఆగాడు కూడా. ఎవరికీ తొందర లేదు.

తర్వాత పక్కగదిలో టీ ఇస్తుంటే మందుల షాపాయన్ని పట్టుకున్నాను. సండే స్కూలు చూసుకునేదీ ఆయనే.

"అందరూ ఒక్కసారిగా అలా తలలు వంచేశారేంటండీ?"

"మీరు అప్పటికే పై తరగతికి వెళ్లిపోయారు కదా, తెలీదులెండి. టీచరుగారి రూలు అది. ఎవరైనా చెప్పలేక ఆగిపోతే మిగతావాళ్లం కాళ్లు చూసుకోవాలి. చూసేవాళ్లుంటే మాట ఇంకా లోపలికి పోతుందనేవారు. మీ తమ్ముడు మా క్లాసుకొచ్చిన ఏడాదే పెట్టారు. ఆ తర్వాత అందరికీ అదే."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంట్లో మా మీద అరిచిన మనిషి, వీడి ఒక్కడి కోసం ఇంతమందికి ఎదురుచూడటం నేర్పి వెళ్లింది. నాకు అమ్మ మీద గర్వంగా ఉంది, నాకు నేర్పలేదని కోపంగానూ ఉంది.

ఆయన అప్పుడే మా దగ్గరికొచ్చిన తమ్ముడి వైపు తిరిగాడు. "బాబూ, టీచరుగారు పోయినప్పట్నుంచి చిన్నపిల్లల క్లాసు మూతబడింది. వాళ్లని పెద్దవాళ్లతో కూర్చోబెడితే నోరు విప్పట్లేదు. నువ్వు చెప్తావా?"

తమ్ముడు నోరు తెరిచాడు. మాట రాలేదు. వాడి తరఫున "వాడెలా చెప్తాడండీ, మీరు భలేవారే" అనబోయాను. అనలేదు. తల వంచి కాళ్లు చూసుకున్నాను. ఒక చెప్పు పట్టీ ఊడి ఉంది. మందుల షాపాయన కూడా తన కాళ్లే చూసుకుంటున్నాడు.

"చె... చెప్తానండీ," అన్నాడు తమ్ముడు చాలాసేపటికి. "కానీ వచ్చే ఆదివారం అక్క కూడా రావాలి. పిల్లలతో పాటు కూ... కూర్చోవాలి."

ఆ పొట్టి కుర్చీల్లో నేనెక్కడ పడతానురా అని అడగాలనిపించింది. గొంతు పెగల్లేదు. నేను మాట కూడదీసుకునేదాకా వాడు తల వంచుకుని నిలబడ్డాడు.