మధ్యలో తొమ్మిది ఫొటోలు

మా బావ ఫొటోగ్రాఫర్. ఫొటోల గురించి గంటలు గంటలు చెబుతాడు, వీడియోలో మాత్రం ఓనమాలు రావు. అదే ఆయన కొంప ముంచింది.

కొత్త స్టూడియోకి రంగులు వేసిన రెండు రోజులూ మెట్లకెదురుగా కెమెరా బిగించి, పది సెకన్లకో రా ఫొటో, అంటే కెమెరా చూసిందంతా కుదించకుండా దాచే ముడి ఫొటో, తీయించాడు. అవన్నీ కలిపి వీడియో చేయమని ఈ ఉదయం మెమరీ కార్డు తెచ్చాడు. ఆ మెట్లమీద నుంచే పడి దవడ విరిగిన అక్క వారంగా మా ఇంట్లో, పక్క గదిలో ఉంది. కాలు జారిందని కాగితంమీద రాసి చూపించింది. ఆమెను కూడా తీసుకెళ్లిపోతానన్నాడు.

వరస నంబర్ల రా ఫైళ్లను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి లాగితే అన్నీ ఒకే క్లిప్ అవుతాయి. నంబరు తప్పితే క్లిప్ తెగుతుంది. నాకు రెండు ముక్కలు వచ్చాయి.

"తొమ్మిది ఫొటోలు లేవేంటి బావా?"

"బాగా రాలేదని తీసేశాలే. ఇన్ని వేలల్లో తొమ్మిది ఎవడిక్కావాలి? కానీయ్, మీ అక్కని బయల్దేరమను."

క్లిప్ తెగిన చోట టైము చూశాను. అక్క పడ్డ రోజే, పడ్డ గంటే. మొదటి ముక్క చివర నల్లటి ఫొటో ఒకటుంది, కరెంటు పోయినప్పటిది. కెమెరా బుల్లితెర మీద ఏమీ కనబడక వదిలేసి ఉంటాడు. రా ఫైలు చీకట్లో ఉన్నదాన్ని కూడా దాచుకుంటుంది. వెలుతురు పూర్తిగా పెంచాను.

మెట్లు తేలాయి. తర్వాత అక్క జుట్టు, ఆ జుట్టు చుట్టుకున్న పిడికిలి, దాని వెనక పళ్లు బిగించిన బావ ముఖం. ఆ క్షణంనుంచి ఆయన నాకు వాడే.

"ఒరేయ్, అది మొగుడూ పెళ్లాల మధ్య..."

కీబోర్డు ఎత్తి మూతిమీద కొట్టాను. వాడు నా మెడ పట్టి బల్ల అంచుకేసి బాదాడు. కనుబొమ చిట్లి కంట్లోకి నెత్తురు దిగింది. కడుపులో మోకాలితో పొడిచాను. తీగలన్నీ లాక్కుంటూ ఇద్దరం కిందపడ్డాం. గుండెలమీదెక్కి కూర్చుని ముక్కు పగిలేదాకా గుద్దాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, హాయిగా ఉంది.

ఆ హాయిలో వాడి కుడిచేతిని చూసుకోలేదు. కిందపడ్డ కార్డు రీడరులోంచి కార్డు లాగి విరిచేయబోతోంది.

అక్క ఎప్పుడొచ్చిందో, మడమతో ఆ వేళ్లమీద తొక్కింది. ఎముక పటుక్కుమంది. వాడు పెడబొబ్బ పెట్టాడు. ఆమె వంగి కార్డు తీసి నా ఒళ్లో పడేసింది.

"ముందు కాపీ చేసుకోరా, దద్దమ్మా!" దవడ అతకడానికి డాక్టరు తీగలు బిగించిన పళ్ల సందులోంచి అంది. "కొట్టడానికి సాయంత్రం దాకా ఉంది."

అంటూనే మడమ మాత్రం తీయలేదు.