సముద్రానికి ఉత్తర్వు

ఫిబ్రవరి ఆఖరి సాయంత్రం. అమలాపురంలో కాశీవిశ్వనాథంగారి ఇంట రేడియో బడ్జెట్ ప్రసంగం వినిపిస్తోంది. కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి ఉద్యోగ విరమణ చేసిన ఆయనకు దేశపు లోటు సొంత ఇంటి రోగంలాంటిది. ప్రతి శాఖా ఖర్చులో పదో వంతు కోసుకోవాలని, రాష్ట్రాలూ అదే దారి పట్టాలని మంత్రి చెప్పగానే ఆయన తృప్తిగా తల పంకించి, "ఇన్నాళ్లకు ఢిల్లీకి బుద్ధొచ్చింది" అని భార్య శారదాంబతో అన్నారు.

ప్రభుత్వ ఉత్తర్వులు నత్తనడక నడుస్తాయని లోకంలో ఒక అపవాదు ఉంది. కోత ఉత్తర్వు మాత్రం మూడో వారానికల్లా ఉప్పలగుప్తం దాటి, మురుగు కాలువ సముద్రంలో కలిసేచోటున్న తలుపుల దాకా చేరింది. పోటు వచ్చినప్పుడు ఆ తలుపులు దించాలి. లేకపోతే ఉప్పునీరు చేలకెక్కుతుంది. పాటు తీసినప్పుడు ఎత్తాలి. లేకపోతే చేల నీరు దిగక పంట కుళ్లుతుంది. ఆ పనికి పగలొక లస్కరు, రాత్రి ఒక లస్కరు ఉండేవారు. రాత్రి లస్కరు పాపారావును తీసేశారు. తలుపుల పని ఇకపై ఆఫీసు వేళల్లోనే.

కాలువ పక్కన కౌలుకు రెండో పంటగా వరి వేసిన దానమ్మ మర్నాడే అమలాపురం వచ్చింది. ఆమె కూతురు విజయకుమారి కాశీవిశ్వనాథంగారి శిష్యురాలు. ఇప్పుడు రాజోలులో టీచరు. ఆ చనువుతో, ఇంగ్లీషులో ఒక అర్జీ రాసిపెట్టమని అడిగింది. ఆయన రాయడానికి ముందు, దేశం కష్టంలో ఉన్నప్పుడు తలా కొంత భారం మోయక తప్పదని నిదానంగా వివరించారు. దానమ్మ చివరిదాకా విన్నది.

"ఆయ్. మోద్దావండి మేస్టారూ. దాళ్వా చేను పొట్టమీదుందండి. రాత్రిపూట రావద్దని సముద్రానిక్కూడా మీరే ఓ ముక్క రాసెట్టండి మరి."

కాశీవిశ్వనాథంగారు కలం పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని తానే మురుగు కాలువల శాఖ ఆఫీసుకు బయలుదేరారు.

అక్కడి సూపరింటెండెంటు రామమూర్తి కూడా ఒకప్పటి శిష్యుడే. కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, తాను చేయగలిగిందేమీ లేదని ఎంతో మర్యాదగా చెప్పాడు. పాపారావు జీతం లేకుండానైనా పనిచేస్తానంటున్నాడు కదా అంటే, ఉచితంగా పని చేయించుకోవడం నిబంధనలకు విరుద్ధమన్నాడు. తలుపుల తాళం ఊరివాళ్లకిమ్మంటే, అది ప్రభుత్వ ఆస్తి అన్నాడు. ఆ పక్కగదిలో పొదుపు వారోత్సవాలకు కొత్త బ్యానర్లు ఆరుతున్నాయి. ఆ డబ్బెక్కడిదని అడిగారు కాశీవిశ్వనాథంగారు.

"అది ప్రచారం పద్దండి. లస్కరుది సిబ్బంది పద్దు. ఇందులోంచి అందులోకి రాదండి. అన్నట్టు సభకి తమరే ముఖ్య అతిథి." ఆపైన ఓదార్పుగా అన్నాడు: "దేవుడు చల్లగా చూస్తే ఈ పున్నానికి పోటు గట్టిగా రాదులెండి."

"పోటు చంద్రుణ్ని బట్టి వస్తుందయ్యా, మీ దేవుణ్ని బట్టీ కాదు, మీ ఉత్తర్వును బట్టీ కాదు."

పున్నమి రాత్రి, తలుపులు ఎత్తినవి ఎత్తినట్టే ఉండగా, పోటు తన వేళకు తాను వచ్చింది. తెల్లారి పగటి లస్కరు డ్యూటీకెక్కేసరికి చేలల్లో ఉప్పునీరు మోకాలి లోతుంది. వారం తిరక్కుండా వెన్నులన్నీ తెల్లబడిపోయాయి. వెంటనే జీపులు వచ్చాయి. నష్టం అంచనా వేసే అధికారులకు భత్యాలు, భోజనాలు, ఆపైన రైతులకు సహాయం మంజూరయ్యాయి. కౌలు కాగితం లేని దానమ్మకు అందులో పైసా రాలేదు. మంజూరైన మొత్తం పాపారావుకు జీవితాంతం ఇచ్చే జీతం కన్నా ఎక్కువని రామమూర్తే ఒప్పుకున్నాడు. పద్దు మాత్రం వేరన్నాడు.

పొదుపు సభకు కాశీవిశ్వనాథంగారు వెళ్లారు. షామియానా బయట నిలబడ్డ దానమ్మను లోపలికి పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టి, వేదికెక్కారు.

"దేశపు జమాఖర్చులు సమం కావాలి. అందులో నాకిప్పటికీ సందేహం లేదు. కానీ అన్ని ఖర్చులనూ ఒకే కొలతన కోయడం పొదుపు కాదు, ఆలోచించడానికి బద్ధకం. పైగా ఆ కోతైనా అందరినీ కోస్తోందా? పన్ను ఎగ్గొట్టే మిల్లుదారు జోలికి పోలేదు. ఈ షామియానా జోలికీ రాలేదు. నోరెత్తలేని లస్కరు దగ్గరికే తిన్నగా వెళ్లింది. ఇవ్వగలిగినవాడి దగ్గర రావలసింది రాబట్టండి. ఆడంబరం మానండి. ఆ తరువాత, కోయబోయే ప్రతి ఖర్చు ముందూ ఆగి అడగండి: దీన్ని ఆపితే రేపు ఎవరు, ఎంత చెల్లించాలి? ఆ మాట అడగని ప్రభుత్వం లోటును తీర్చదు. కాగితం మీంచి దాన్ని ఎత్తి దానమ్మ చేలో పారబోస్తుంది."