ప్రతి తలుపుకూ ఒక మారు చెవి

పట్టణాధ్యక్షుడికి ఉన్నట్టుండి ప్రజల మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఎవరింట్లోనైనా నిప్పంటుకుంటే లోపలికి వెళ్లి ఆర్పాలి కదా అని, ఊళ్లోని ప్రతి తలుపుకూ మారు తాళంచెవి చేయించి కార్యాలయంలో అప్పగించాలని ఉత్తర్వు వేశాడు. ఆ పని తాళాల మేస్త్రికి పడింది. ఇరవై ఏళ్లుగా ఆకురాయి పట్టిన చెయ్యి అతనిది. అయినా ఇంత పని ఎన్నడూ ఎరగడు. జనం కూడా వరసకట్టి మరీ చేయించుకున్నారు.

"మనమేమన్నా దొంగలమా, భయపడ్డానికి?" అన్నాడు దర్జీ.

నెల తిరక్కుండానే తలుపులు తెరుచుకోసాగాయి. నిప్పు ఎక్కడా పుట్టలేదు గాని, తనిఖీదారులు పుట్టుకొచ్చారు. పంతులుగారి అలమరలో పుస్తకాలు తిరగేశారు. దర్జీ గోడ మీద అధ్యక్షుడి బొమ్మ లేదని రాసుకుపోయారు. మేస్త్రి అన్నీ విని, మనదాకా రాలేదు కదా అని ఊరుకున్నాడు.

ఒక మధ్యాహ్నం అతని భార్య బజారు నుంచి వచ్చేసరికి, వంటింట్లో ఒక తనిఖీదారు గిన్నె మూత ఎత్తి చూస్తున్నాడు.

"ఎవరయ్యా నువ్వు?"

"మీ భద్రత కోసమే అమ్మా. కూరలో ఉప్పు కాస్త ఎక్కువైంది."

ఆమె అట్నుంచి అటే దుకాణానికి వచ్చింది. "వాడు గోడ దూకి రాలేదండీ. దర్జాగా తాళం తీసుకుని వచ్చాడు. ఆ చెవి చేసిన పుణ్యాత్ములు తమరే!"

మేస్త్రి ఉత్తర్వు తీసి నాలుగుసార్లు చదివాడు. 'ప్రతి తలుపుకూ' అనే ఉంది.

మర్నాడు సంచి భుజాన వేసుకుని నేరుగా అధ్యక్షుడి ఇంటికే వెళ్లాడు. ఉత్తర్వు కింద దొరగారి సంతకం చూసి కావలివాడు సలాం కొట్టి లోపలికి పంపాడు. పడకగదితో సహా అన్నిటికీ చెవులు చేసి కార్యాలయానికి తెచ్చాడు.

"ఇది అయ్యగారి పడగ్గదిది కదయ్యా?" అన్నాడు గుమాస్తా బిత్తరపోయి.

"నిప్పుకి అయ్యగారనీ మనమనీ తేడా ఉంటుందా అండీ?"

గుమాస్తా చెవిని మేకుకు తగిలించాడు. వారం తిరక్కుండా, వరస తప్పకుండా పనిచేసే తనిఖీదారు ఒకడు ఆ తలుపు తీశాడు. లోపల అధ్యక్షుడు బనీనుతో గుర్రుపెడుతున్నాడు. సాయంత్రానికల్లా 'అధ్యక్షుడి నివాసం మినహా' అని ఉత్తర్వు సవరించారు. మేస్త్రి రెండు కాగితాలూ పట్టుకుని న్యాయస్థానానికి వెళ్లాడు.

"ఈ ఉత్తర్వు క్షేమం కోసమేనా?" అడిగింది న్యాయమూర్తి.

"అక్షరాలా, అమ్మగారూ," అన్నాడు ప్రభుత్వ వకీలు.

"మరి అధ్యక్షుడుగారి క్షేమం మీకు అక్కర్లేదా?"

వకీలు దగ్గాడు. కారణం చూపించి అనుమతి తెచ్చుకోకుండా ఎవరి గడపా తొక్కే హక్కు ఏ అధికారికీ లేదని చెప్పి ఆవిడ ఉత్తర్వు కొట్టేసింది.

తీరా చెవులు వెనక్కిచ్చే రోజున సగంమందే వచ్చారు. "ఉండనీ మేస్త్రీ, మాది పారేసుకుంటే అదైనా అక్కరకొస్తుంది," అన్నాడు దర్జీ. మేస్త్రికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంటికి వెళ్లి తన తలుపుకు కొత్త తాళం బిగించాడు. రెండు చెవులూ భార్యే తీసుకుంది.

"నా మీద నమ్మకం లేదా?"

"మీ మీద ఉందండీ. మీ చేతి మీదే లేదు. ఎవరడిగినా చేసిచ్చేస్తుంది."

ఆ తర్వాత నెలరోజులపాటు, ఆమె బజారు నుంచి వచ్చేదాకా మేస్త్రి తాళం వేసిన తన గడప మీదే కూర్చునేవాడు.