మేకు పైకెక్కింది

రాయగడ మెయిన్ రోడ్డు మీద కామేశ్వరమ్మ గారి చింతపండు హోల్‌సేల్ కొట్టు ఆవేళ ఆలస్యంగా తెరుచుకుంది. కారణం దొంగలు కాదు, బంద్ కాదు, గ్రహణం అంతకన్నా కాదు. కొట్టు తాళంచెవి వేలాడదీసే మేకు రాత్రికి రాత్రి గోడ మీద పైకెక్కిపోయింది. అలాగని కామేశ్వరమ్మ తేల్చేసింది. ఆవిడ తేల్చేశాక ఇంక ఆ వీధిలో అప్పీలు లేదు.

"సత్తివేణీ! ఈ మేకుని పైకి కొట్టిందెవరే?"

కోడలు సత్యవేణి వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది. మేకుని చూసింది, అత్తగారిని చూసింది, మళ్ళీ మేకుని చూసింది.

"ఉన్నకాడే ఉంది కదత్తమ్మా."

"ఉన్నకాడే ఉంటే నా సెయ్యెందుకు అందదే? ఇన్నేళ్ళు అందిన సెయ్యికి ఈ పూట ఏటొచ్చింది?"

ఆ ఇంట్లో ఒక చట్టం ఉంది. తాళంచెవి ఎవరు దించితే కొట్టు వాళ్ళది. గద్దె మీద కూచునేదీ, కొండల్నుంచి దిగిన చింతపండుకి ధర కట్టేదీ, నలభై దాటిన కొడుకుని పదిమందిలో "నీకేటి తెల్దు, ఊరుకో" అనేదీ వాళ్ళే. చట్టం పెట్టింది కామేశ్వరమ్మ అత్తగారు. పెట్టిన చట్టానికే ఆవిడ బలైపోయింది కూడా. ఒకనాటి ఉదయం ఆ ముసలావిడ మునివేళ్ళ మీద లేచి మేకు కోసం గోడ తడుముకుంటుంటే, వెనకనుంచి వచ్చిన కామేశ్వరమ్మ ఆవిడ తలమీంచి చెయ్యి చాపి తాళంచెవి లటుక్కున దించేసింది. ఆ పూటే గద్దె ఎక్కి కూచుంది. పెద్దావిడ పెరటి అరుగు మీదకి మారి, పోయేదాకా చింతగింజలు ఏరుకుంటూ ఉండిపోయింది. ఈ కథని కామేశ్వరమ్మ ఎప్పుడూ దాచుకోలేదు. "సెయ్యి అందనోళ్ళకి గద్దెందుకు?" అని వచ్చిన బేరగాళ్ళకి కూడా చెప్పుకుని నవ్వేది.

అందుకే మేకు అందకపోవడం ఆవిడకి చిన్న సంగతి కాదు. తాళంచెవి చెయ్యి జారిందంటే తరవాతి మజిలీ పెరటి అరుగే.

విచారణ మొదలైంది. కొడుకు చంద్రశేఖరం పళ్ళు తోముకుంటూ వచ్చి, "అమ్మా, మేకులకి కాళ్ళుంటాయేటి ఎక్కడానికి?" అన్నాడు. "మేకుకి లేవురా, నీ పెళ్ళానికున్నాయి" అందావిడ. బస్తాలు మోసే లక్ష్మణుణ్ణి పిలిచి కర్పూరం వెలిగించి ఆర్పమంది. వాడు ఆ కొట్టులో గడ్డం నెరిసినవాడు. "మేకుని పైకి కొట్టలేదమ్మా, జగన్నాథుడి మీద ఒట్టు" అని గట్టిగా ఆర్పి, అడిగినదానికి జవాబయిపోయింది గనక చల్లగా జారుకున్నాడు.

ఆడలేనమ్మ మద్దెల ఓడందిట. కామేశ్వరమ్మకి ఆ ఏడాది మద్దెలలు చాలా ఉన్నాయి. చీరల కుచ్చిళ్ళు నేల ఊడుస్తుంటే, కావాలని పొడుగు చీరలు అంటగట్టాడని బట్టల కొట్టువాడితో తగువు పెట్టుకుంది. నడుం నొప్పికి పరుపు కుట్టినవాణ్ణి తిట్టింది. వీపు కాస్త వంగిందేమని చుట్టాలెవరో అంటే, "లోకువైన మనుషులతో మాటాడాలంటే వంగాలి మరి" అంది.

ఆవేళ నూనెడబ్బా బోర్లించి ఎక్కింది. తాళంచెవి దించింది, గెలిచింది. దిగేటప్పుడు చీర కుచ్చిళ్ళు కాలికి చుట్టుకున్నాయి. పడ్డది ఎంతో ఎత్తునుంచి కాదు, అయినా నేలకి ఆనించిన కుడి మణికట్టు పుటుక్కుమంది.

స్టేషను దగ్గర క్లినిక్ పెట్టుకున్న డాక్టరు క్లెమెంట్ కట్టు కట్టి, ఎక్స్‌రే అటూ ఇటూ తిప్పి, "ఇంత చిన్న దెబ్బకి విరక్కూడదమ్మా" అని ఆవిణ్ణి గోడకి నిలబెట్టి పొడుగు కొలిచాడు. "మునుపు ఎంతుండేవారు?" అని అడిగాడు.

"అయిదడుగుల రెండంగుళాలు. మా పెళ్ళిచూపుల్లో మావాఁగారు కొలిపించేరు."

"ఇప్పుడు నాలుగు పదకొండు."

కామేశ్వరమ్మ టేపు వంక ఓ చూపు చూసింది. కొలతల్లో మోసం ఎన్ని రకాలుగా చెయ్యొచ్చో ఆవిడకి తెలిసినంతగా ఆ జిల్లాలో ఎవరికీ తెలీదు. "బాబూ, ఆ టేపు సాగిపోయుంటాది. కొత్తది తెండి" అంది. కొత్తది కూడా నాలుగు పదకొండే అంది.

"టేపులన్నీ ఒక కంపెనీవే కావోలు" అంది కామేశ్వరమ్మ.

ఆయన సలహా మీద చంద్రశేఖరం ఆవిణ్ణి రైల్లో వైజాగ్ తీసుకెళ్ళి ఎముకల గట్టిదనం కొలిచే పరీక్ష చేయించుకొచ్చాడు. తెచ్చిన కాయితం మళ్ళీ క్లెమెంట్ ముందు పెట్టారు. దాని మీద మైనస్ మూడు పైచిల్లర ఉంది. మైనస్ అంటే ఏమిటో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

"నష్టమే కదా బాబూ?"

"నష్టమేనమ్మా. నెలసరి ఆగినప్పట్నుంచీ కొంచెం కొంచెంగా ఎముక గుల్లబారుతూ వచ్చింది. వెన్నుపూసలు రెండు మూడు అణిగిపోయాయి. ఆ నడుం నొప్పి అదే, ఈ పొడుగు తగ్గడమూ అదే."

"అడుగున సిల్లి పడ్డ బస్తాలాగ ఇన్నేళ్ళు సరుకు కారిపోతుంటే ఒక్కడూ సెప్పలేదేటి! ఇప్పుడేటి సెయ్యాలి?"

క్లెమెంట్ ఓపికమంతుడు. ఉన్న దారులన్నీ ముందు పరిచాడు. కాల్షియం, డి విటమిను ఎలాగూ తప్పవు. హార్మోను మాత్రలున్నాయి గానీ ఈ వయసులో వాటితో వేరే ముప్పు, తను రాయడు. ముక్కులో కొట్టుకునే మందొకటుంది, ఖరీదెక్కువ, పని తక్కువ. తను చెప్పేది వారానికి ఒక మాత్ర. పొద్దున్న లేవగానే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్ళతో. తరవాత అరగంటసేపు పడుకోకూడదు, వంగకూడదు, ఏమీ తినకూడదు. లేకపోతే మాత్ర గొంతులో ఆగి పుండు చేస్తుంది.

"కాఫీ?"

"కాఫీ కూడా అరగంట తరవాతే."

"ఏసుకుంటే నా మూడంగుళాలు తిరిగొస్తాయా?"

"రావమ్మా. ఉన్నది పోకుండా చాలామట్టుకు ఆపుతుంది. ఏమీ చెయ్యకపోతే మాత్రం ఈసారి తుంటి విరగొచ్చు. అప్పుడు మంచమే."

కామేశ్వరమ్మ బేరం కుదరని షావుకారు మొహం పెట్టుకుని లేచొచ్చేసింది. మాత్రలు కొనిపించింది గానీ దేవుడి గూట్లో పెట్టేసింది. ఆవిడ లెక్క ఆవిడకుంది. మాత్ర మింగితే ఎముకలు కుంగిన మాట ఒప్పుకున్నట్టు. అది ఒప్పుకుంటే మేకు ఎక్కలేదని ఒప్పుకున్నట్టు. మేకు ఎక్కలేదంటే చెయ్యి అందలేదన్నట్టు. చెయ్యి అందనోళ్ళకి గద్దెందుకు? ఈ ఆఖరి మాట ఆవిడదే కావడంతో తప్పించుకునే దారి లేకుండా పోయింది.

ఈలోగా ఊరంతా వైద్యులైపోయారు. ఒకరు రాగి అంబలి అన్నారు, ఒకరు టికిరి సంతలో ఆకుపసరు కట్టేవాడున్నాడన్నారు, ఒకరు ఎండలో కూచోమన్నారు, ఇంకొకరు అసలు ఎండే వద్దన్నారు. లక్ష్మణుడైతే మేకకాళ్ళ పులుసుని మించింది లేదన్నాడు. పుట్టి బుద్ధెరిగి గుడ్డైనా ముట్టని కామేశ్వరమ్మ వాణ్ణి ఎడంచేత్తో కొట్టబోయి, ఆ చెయ్యి కూడా విరుగుతుందేమోనని ఆగిపోయింది. ఆ భయం ఆవిడకి కొత్త. చేతికి కట్టున్నన్నాళ్ళూ కొడుకు తాళంచెవి దించి ఆవిడ చేతికిచ్చేవాడు. కొడుకు చెయ్యి తన చేతికిందే లెక్క అని చట్టానికి ఆవిడే సవరణ చేసుకుంది. కానీ సత్యవేణి అటుగా నడిచినప్పుడల్లా ఆవిడ కళ్ళు ఆ పిల్ల పొడుగు చేతుల వెంటే పోయేవి. చింత చచ్చినా పులుపు చావలేదు గానీ, పులుపు వెనక గుబులు మాత్రం నిండా ఉంది.

కట్టు విప్పిన మర్నాడు ఆవిడ పంచాయితీ పెట్టింది. కొడుకునీ కోడల్నీ లక్ష్మణుణ్ణీ గోడముందు నిలబెట్టింది.

"మేకుని పైకి కొట్టినోళ్ళు పాత కన్నం పూడ్సి సున్నం ఏసుంటారు. గీకితే బయటపడతాది. లక్ష్మణా, మేకు కింద గీకు."

లక్ష్మణుడు చాకు మొనతో జానెడు గీకాడు. కన్నం లేదు.

"ఇంకా కిందికి."

గీకాడు. సున్నం రాలింది, ఇటుక కనబడింది, కన్నం కనబడలేదు. చంద్రశేఖరం కొట్టుకి వేళవుతోందని సణిగాడు. "ఇంకా కిందికి" అంది కామేశ్వరమ్మ. వాడు గీకి గీకి చివరికి గచ్చు మీద బాసింపట్టు వేసుకు కూచుని, "ఇంక కింద పునాదేనమ్మా" అన్నాడు.

ఆవిడ ఒప్పుకోలేదు, గోడ మీద గీకకుండా మిగిలిన చోటు వెతికింది. తరవాత మేకు పైన వేలాడే దేవుడి కేలండరు వంక చూసింది. "అది తియ్యి."

లక్ష్మణుడు లేచాడు గానీ చెయ్యి ఎత్తలేదు. సత్యవేణి వంక చూశాడు. సత్యవేణి నేల చూపులు చూసింది. "దేవుడి బొమ్మ కదమ్మా, పొద్దున్నే ఎందుకు..." అని నసిగాడు.

కామేశ్వరమ్మ తనే ముందుకెళ్ళి, మూలనున్న చీపురుకర్ర ఎడంచేత్తో అందుకుని కేలండరుని కిందికి లాగేసింది.

గోడ మీద మూడు కన్నాలున్నాయి, ఒకదాని కింద ఒకటి, సబ్బుముక్కలతో పూడ్చినవి. వాటి కింద ఇప్పటి మేకు.

ఆవిడకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. మేకు పైకెక్కలేదు. మూడుసార్లు కిందికి దిగింది. అంత దిగొచ్చిన మేకు కూడా తన చేతికి అందలేదు.

"ఎవరు?" అంది.

"నేనే అత్తమ్మా" అంది సత్యవేణి. "లక్ష్మణుడి సేత కొట్టించేను. దసరా సున్నాలప్పుడల్లా మీరు మునివేళ్ళ మీద లెగుస్తున్నారేమో సూసి, ఓ అంగుళం దించీసేదాన్ని. ఈ ఏడు సున్నం రాకముందే మీరు ఇంకాస్త కుంగిపోయేరు."

"నాతో సెప్పకుండానా?"

"సెప్తే బతకనిస్తారేటి? తాళంచెవి అందని రోజున మీరు మమ్మల్నందర్నీ అందుకుంటారు. ఆ గొడవ కన్నా మేకు దించుకోవడమే నయం."

కామేశ్వరమ్మ అన్నిటికంటే పై కన్నం వంకే చూస్తోంది. మునివేళ్ళ మీద లేచి గోడ తడుముకుంటున్న ఇంకో ముసలావిడ ఆవిడకి కళ్ళకు కట్టింది. ఆ అత్తగారి తలమీంచి చాచిన చెయ్యి తనది. ఇన్నేళ్ళూ నవ్వుతూ చెప్పుకున్న కథ ఈసారి నవ్వు తెప్పించలేదు. సిగ్గేసింది. సిగ్గుపడటం అలవాటు లేదు గనక ముందు కోపం వచ్చింది.

"ముగ్గురూ నా మొహమేటి సూస్తారు? కొట్టు తియ్యరేటి?" అని అరిచి లోపలికెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లారగానే ఆవిడ దేవుడి గూట్లోంచి మాత్ర తీసింది. నిండు గ్లాసు నీళ్ళతో మింగి, వంటింటి గడపలో నిటారుగా నిలబడింది. లోపల కాఫీ వాసన ప్రాణం తీస్తోంది.

"సత్తివేణీ! లక్ష్మణుణ్ణి పిలు. ఆ మేకుని పీకి పాత కన్నంలో కొట్టమను."

"ఏ కన్నంలో అత్తమ్మా?"

"అన్నిటికంటే పైదాన్లో. నాకు అందదు. నీకు అందుతాది. నువ్వు దించు."

లక్ష్మణుడు మేకు కొట్టి వెళ్ళాక సత్యవేణి కొంగు దోపుకుని చెయ్యి చాపింది. తాళంచెవి సులువుగా దిగింది. చట్టప్రకారం కొట్టు ఆమెది. ఆమె తాళంచెవి కాసేపు చేతిలో పట్టుకుని బరువు చూసినట్టు చూసి, తీసుకొచ్చి అత్తగారి అరచేతిలో పెట్టింది.

కామేశ్వరమ్మ దాని వంకా కోడలి వంకా మార్చి మార్చి చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి తల వంచబోయి, వంగకూడదని గుర్తొచ్చి అలాగే నిలబడింది.

"నీ అంత తెలివితక్కువ దాన్ని నానెక్కడా సూడలేదే. నీ జాగాలో నానుంటే ఇచ్చుండేదాన్ని కాదు."

"తెలుసత్తమ్మా" అంది సత్యవేణి. "ఇంకా అరగంట అవలేదు, కదలకండి. కాఫీ దించి ఉంచేను."