తమ్ముడు తాగిన అరగ్లాసు

గ్రంథాలయం మేడ మీద వయసు మళ్ళినవాళ్ళకు చరిత్ర, సైన్సు పాఠాలు చెబుతారని తెలియగానే అక్క తన పేరుతో పాటు చెల్లెలి పేరు కూడా రాయించేసింది. అడగలేదు. అడిగే అలవాటు ఆవిడకు పుట్టుకతోనే లేదు. హాస్టలు వార్డెనుగా రిటైరై చాలాకాలమైనా గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

"ఈ వయసులో నాకేం అర్థమవుతుందక్కా?" అంది చెల్లెలు. చొక్కాల కార్ఖానాలో కాజాలు కుట్టి కుట్టి కళ్ళు పాడుచేసుకున్న మనిషి.

"అర్థం కాకపోతే పోనీ. ఈ మోకాళ్ళతో ఆ మెట్లన్నీ ఒక్కదాన్నే ఎక్కమంటావా?"

అలా మొదలైంది. పాఠం చెప్పే మేడమ్ కాలేజీలో పనిచేసి వచ్చినావిడ. ఒక వారం క్యాలెండరు ఎలా పుట్టిందో చెబితే, మరో వారం సముద్రం ఉప్పగా ఎందుకుంటుందో చెప్పేది. గడియారాలు బాగుచేసే పెద్దాయన ముందు కుర్చీలో కూర్చుని ప్రశ్నలతో ఆవిడ ప్రాణం తోడేసేవాడు. వెనక కూర్చున్న రైల్వే గార్డు హాయిగా కునుకు తీసి, మెలకువ వచ్చినప్పుడల్లా "అవునవును" అనేవాడు. చెల్లెలికి ఆ గది బాగా నచ్చింది.

ఆ రోజు మేడమ్ బల్ల మీద నీళ్ళ జగ్గు, గ్లాసులు, ఉప్పు, పంచదార పెట్టింది.

"ఇవాళ ఒక పొరపాటు చరిత్ర చెప్పుకుందాం. విరేచనాలు పట్టుకున్న పిల్లలకి చాలాకాలం నీళ్ళివ్వకుండా ఆపేశారు. ఇస్తే ఇంకా పెరుగుతాయనుకున్నారు. డాక్టర్లు కూడా అలాగే చెప్పేవాళ్ళు. నిజానికి ఒంట్లో నీరు పోవడమే ప్రాణం తీసేది."

చెల్లెలి చూపు ఆ గ్లాసుల మీదే నిలిచిపోయింది.

ఆమె చాలా చిన్నప్పుడు తమ్ముడికి విరేచనాలయ్యాయి. అమ్మ పనికి పోతూ, నీళ్ళు మాత్రం ఇవ్వొద్దని అక్కకు గట్టిగా చెప్పి వెళ్ళింది. చెప్పిన మాట జవదాటని పిల్ల కాబట్టి అక్క నీళ్ళ బిందె తీసుకెళ్ళి ఎత్తు గూట్లో పెట్టేసింది. వాడు నీళ్ళు నీళ్ళంటూ ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడు. అక్కకు కునుకు పట్టగానే చెల్లెలు స్టూలెక్కి అరగ్లాసు ముంచి తెచ్చింది. వాడు గ్లాసు అంచు మీదుగా ఆమెనే చూస్తూ తాగాడు. తెల్లారేసరికి లేడు.

తనే చెప్పేసింది, నీళ్ళిచ్చానని. "చంపేశావు కదే," అంది అక్క. ఆ మాట మళ్ళీ ఎన్నడూ అనలేదు, అనాల్సిన పనీ పడలేదు. ఇంట్లో ఎవరు మంచం పట్టినా చెల్లెలిని గుమ్మం దాటి రానిచ్చేది కాదు. చివరికి చెల్లెలి కన్నకూతురికి టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా అక్కే సంచీ సర్దుకుని వచ్చి, "నువ్వు బయటుండు" అంది. కన్నతల్లి బయటే ఉండిపోయింది. తన చేతికి పాపం అంటిందని తనూ నమ్మింది మరి.

ఇప్పుడు గుండె మీద బరువంతా ఒక్కసారిగా దిగిపోయింది. వెంటనే, దాని వెనకే, కోపం ముంచుకొచ్చింది. 'విన్నావా అక్కా' అని అందరి ముందూ అనేద్దామని నోటిదాకా వచ్చింది. పక్కకు తిరిగింది.

అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. వార్డెను గొంతు ఎక్కడికి పోయిందో, చెయ్యెత్తి మెల్లగా అడిగింది.

"వట్టి నీళ్ళయితే మేడమ్? అరగ్లాసు."

"అవీ ఎంతో కొంత మేలే చేసేవండీ. ఏమీ లేకపోయినా ఆ బిడ్డకి దాహమైనా తీరేది."

"మరి, అందకుండా పెట్టినవాళ్ళో?"

మేడమ్ ఒక్క క్షణం ఆవిడ వైపు చూసింది. "పెద్దవాళ్ళు చెప్పిందే చేశారు కదండీ. వాళ్ళకి మాత్రం ఏం తెలుసు?"

"అవునవును," అన్నాడు గార్డు వెనకనుంచి, కళ్ళు తెరిచి. ఎవరూ నవ్వలేదు.

చెల్లెలు నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. మింగడం తేలికేమీ కాలేదు. అన్నేళ్ళు గుమ్మం బయట నిలబడిన మనిషి.

తరవాత విరేచనాలప్పుడు పట్టాల్సిన ఉప్పు, పంచదార నీళ్ళు అందరూ కలిపి చూడాలి. రుచి కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉండకూడదంది మేడమ్. అక్క చెంచా పట్టుకోబోయింది. పంచదార బల్లంతా చిందింది. చెంచా కింద పెట్టేసింది.

"నాకు ఒంట్లో అదోలా ఉందే," అంది, చెల్లెలి వైపు చూడకుండా. "నువ్వే కలిపి పట్టు."

చెల్లెలు కలిపింది. తను ఒక గుక్క రుచి చూసి గ్లాసు అక్క పెదాలకు ఆనించింది. అక్క గ్లాసు అంచు మీదుగా ఆమెనే చూస్తూ చివరిదాకా తాగింది.

"ఇంకో అరగ్లాసు ఇవ్వవే," అంది.