నాలుగో ప్లాను

ఇంజినీరు నాగసతీష్ నాలుగో ప్లాను పట్టుకొచ్చేసరికి సత్యవాణి పెరట్లో పీట మీద కూర్చుని రొయ్యలు వలుస్తోంది. "వాణీ, కాఫీలు పట్రా. నువ్వూ వచ్చి చూడు, నీ వంటిల్లు ఎంత బాగా వచ్చిందో" అని హాల్లోంచి గంగాధర్ పిలిచాడు. ఆ గొంతు వింటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. బయటివాళ్లున్నప్పుడు ఆయన గొంతెప్పుడూ అంతే. రొయ్యల చెరువుల మీద మేత చల్లే కూలివాణ్ణి కూడా అండీ అంటాడని ఉప్పలగుప్తం చుట్టుపక్కలంతా ఆయనకి పేరు.

చేతులు కడుక్కుని కాఫీలు పట్టుకెళ్లింది. బల్ల మీద ప్లాను పరిచి ఉంది. అత్తగారు మహాలక్ష్మమ్మ కళ్లజోడు పెట్టుకుని పూజగది ఎక్కడుందో వేలితో వెతుకుతోంది. సత్యవాణి కళ్లు మాత్రం నేరుగా ఆగ్నేయం మూలకి పోయాయి.

మొదటి ప్లానులో వంటింటికి రోడ్డు వైపు పెద్ద కిటికీ ఉంది. ఆ రోజు ఆ కిటికీని చూసి, చెప్పొద్దూ, మనసులోనే దణ్ణం పెట్టుకుంది. రెండో ప్లానుకి అది చిన్నదైపోయి, తల అందనంత పైకి పోయింది. మూడోదాంట్లో వంటింటికీ రోడ్డుకీ మధ్య స్టోరు రూము వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఈ నాలుగోదాంట్లో అసలు కిటికీయే లేదు.

"చిమ్నీ పెట్టేనండి. పొగంతా పైకి పోద్ది, మేడంగారికి ఇబ్బందుండదండి" అన్నాడు నాగసతీష్.

"బెడ్రూములక్కూడా రెండు పొరల అద్దాలు వేయించండి సతీష్ గారూ. గోడలు మందంగా ఉండాలి. ఇంట్లో మాట బయటికి పోకూడదు. ఆయ్, అదొక్కటే నా కోరిక" అన్నాడు గంగాధర్ నవ్వుతూ.

సత్యవాణి ట్రే బల్ల మీద పెట్టేసి చేతులు కొంగులో దాచుకుంది.

అందరూ ఆమెని అదృష్టవంతురాలంటున్నారు. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ముప్పై సెంట్ల కొబ్బరితోట, అందులో మేడ. పెళ్లైన పదహారేళ్లకి ఎందరికి దక్కుతుందే, అంటారు. ఆ తోట ఎక్కడుందో వాళ్లెవరూ ఆలోచించరు. మూడు వైపులా రొయ్యల చెరువులు, ఒక వైపు మట్టిరోడ్డు. అక్కడ నుంచుని గొంతు చించుకుని కేకేస్తే గట్టు మీద కొంగలు లేస్తాయేమో గానీ మనిషన్నవాడు పలకడు. చెరువులకి దగ్గరని ఆయన లోకానికి చెబుతాడు. అసలు కారణం సత్యవాణికి తెలుసు.

ఇప్పుడుంటున్న ఈ అమలాపురం ఇంటికి, పక్కింటి బుచ్చమ్మగారి ఇంటికి మధ్య ఒకటే గోడ. గంగాధర్ ఎప్పుడూ అరవడు. "వాణీ, ఓసారి లోపలికి రా" అంటాడు, అంతే. ఆ నాలుగు మాటలు వింటే ఆమెకి అరికాళ్లు చల్లబడిపోతాయి. లోపలికి వెళ్లాక తలుపు పడుతుంది. స్నేహితుల ముందు తన మాట సరిదిద్దిందని ఒకసారి, తమ్ముడితో ఫోన్లో ఎక్కువసేపు నవ్విందని ఒకసారి. వంటింట్లోనైతే గిన్నెలు పడతాయి. గిన్నె పడ్డ చప్పుడైన కాసేపటికి గోడ అవతల నుంచి బుచ్చమ్మగారి గొంతు వినిపిస్తుంది. "వాణీ, కాస్త చింతపండు ఉందేంటమ్మా?"

అంతే, ఆయన చెయ్యి ఆగిపోతుంది. చొక్కా సర్దుకుని, "ఉంటాదండీ పిన్నిగారూ, పంపిస్తానండీ" అంటాడు, నోట్లో వెన్న పెట్టుకున్నట్టు.

ఈ ఇంటికొచ్చిన ఏడేళ్లలో ఎన్నిసార్లు అడిగిందో ఆవిడ. ఓసారి సత్యవాణి చింతపండు పట్టుకెళితే, వాళ్ల వంటింట్లో గూట్లో జాడీ నిండా చింతపండు కనిపించింది. "బుగ్గ మీద కాస్త వెన్న రాసుకో తల్లీ" అని మాత్రం అందావిడ.

అత్తగారికి చెప్పుకుంటే, "మగాడన్నాక ఓ మాటంటాడు, ఓ దెబ్బేత్తాడు. మేం పడలేదేంటి? నువ్వు నోరు మూసుకుంటే వాడే ఊరుకుంటాడు" అని తేల్చేసింది. పదహారేళ్లు నోరు మూసుకునే ఉంది సత్యవాణి. వాడు ఊరుకుంటేగా!

మొన్న మాఘంలో అలాగే బుచ్చమ్మగారు చింతపండు అడిగింది. ఆ రోజు గంగాధర్ ఆమె జుట్టు వదిలి, గోడకేసి చూసి, చాలా నెమ్మదిగా అన్నాడు: "ఈ గోడవతల ముసల్ది ఉండబట్టి బతికిపోతున్నావు." వారం తిరక్కుండా మొదటి ప్లాను గీయించాడు.

అప్పట్నుంచీ సత్యవాణికి భయం. ఇది ఇదివరకటి భయం కాదు. అది దెబ్బ పడుతుందన్న భయం. ఇది, ఆ దెబ్బ ఇక ఆగదన్న భయం. మూడో ప్లాను వచ్చినప్పుడు ధైర్యం చేసి, "రోడ్డు వైపు చిన్న కిటికీ అయినా ఉంచండి" అని నసిగింది. ఇంజినీరు వీధి మలుపు తిరిగాడో లేదో, "వాణీ, ఓసారి లోపలికి రా."

"స్థలం మేడంగారి పేరున ఉంది కదండీ, పంచాయతీకి పెట్టే కాగితాల మీద ఆవిడ సంతకాలు కావాలండి. నాలుగు చోట్ల" అంటున్నాడు నాగసతీష్. గంగాధర్ తన జేబులో పెన్ను తీసి, మూత కూడా తనే తీసి అందించాడు. పిల్లలిద్దరూ హాస్టళ్లలో ఉన్నారు. రేపు ఆ మేడలో ఆయనా తనూ, చెవులున్నా వినని అత్తగారూ.

పెన్ను కాగితం మీద ఆనింది. అక్కడో చుక్క పడింది. సంతకం ఆపి అడిగింది.

"సతీష్ బాబూ, ఈ వంటింట్లో నేను అరిస్తే ఎవరికి వినపడుద్దండీ?"

ఆ కుర్రాడు ఉత్సాహంగా ముందుకి వంగాడు. "ఎవరికీ వినపడదండి మేడం! స్టోరు రూమొకటి, మందం గోడ ఒకటి. గ్యారంటీ అండి, పక్క గదిలోకి కూడా..."

సగంలో ఆగిపోయాడు. ఆమె ముఖం చూశాడు. ప్లాను చూశాడు. మూడుసార్లు తన చేత్తోనే చెరిపిన కిటికీ గుర్తొచ్చినట్టుంది, తలెత్తి గంగాధర్ వైపు చూడలేకపోయాడు.

"అయితే నేను సంతకం పెట్టను" అంది సత్యవాణి. గట్టిగా అందామనుకోలేదు. గట్టిగా వచ్చేసింది, గది మారుమోగేంత. ఇన్నేళ్లూ ఆ గొంతు తనలోనే ఉందని ఆమెకే తెలీదు. పెన్నుకి మూత పెట్టి బల్ల మీద పడేసింది.

మహాలక్ష్మమ్మ కళ్లజోడు తీసేసింది. నాగసతీష్ ప్లాను చుట్టబోయాడు.

"మీరు వెళ్లకండి బాబూ" అంది సత్యవాణి.

గంగాధర్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. లేచి నిలబడి, చొక్కా చేతులు నెమ్మదిగా పైకి మడుచుకున్నాడు.

"వాణీ, ఓసారి లోపలికి రా."

అరికాళ్లు చల్లబడిపోయాయి. ఈసారి ఇంట్లో ఒక్క గిన్నె కూడా పడలేదు. అయినా గోడ అవతల నుంచి ఆ పిలుపు వచ్చింది.

"వాణీ, కాస్త చింతపండు ఉందేంటమ్మా?"

గంగాధర్ పిన్నిగారికి జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. సత్యవాణి అతనికంటే ముందే పలికింది.

"ఉంది పిన్నిగారూ. మీరే ఓసారి లోపలికి రండి. వీధి తలుపు తీసే ఉంది."