ముత్యాలు అనే బర్రెకు నేను తావో నేర్పిన వైనం

అఫ్జల్‌గంజ్ మొదలుకొని ఫలక్‌నుమా రైల్వే స్టేషన్ దాకా, పాతబస్తీ మొత్తంలో, చైనావాళ్ల తావో మార్గాన్ని ఒక బర్రెకు నేర్పిన మనిషిని నేనొక్కడినే. రెండోవాడు ఎవడైనా ఉంటే తీసుకురండి, కాళ్లు కడిగి కుర్చీ వేస్తాను. నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి. మా పంతులు బల్ల మీద తల పెట్టి నిద్రపోయేవాడు, ఆయన నిద్ర చెడగొట్టకూడదని మేమూ నిద్రపోయేవాళ్లం. అదంతా తావోయేనని నాకు డెబ్బై రెండో ఏట తెలిసింది.

తెలియజెప్పింది నా మనవరాలు మనస్విని. అది డిగ్రీ చదువుతోంది. పరీక్ష కోసం నోట్సు పైకి చదువుతుంటే, పక్కన వెల్లుల్లి ఒలుస్తూ విన్నాను. లోకంలో ప్రతిదానికీ దాని దారి ఒకటుంటుందట, దానికి అడ్డం పడకూడదట. బలవంతం పనికిరాదట. నీళ్లలాగా మెత్తగా ఉండాలట. ఖాళీ కూడా ఒక సామానేనట.

"సమజైందా తాతా?" అంది.

"సమజయ్యుడేంది బిడ్డా, అరవై ఏండ్ల సంది నేను జేస్తున్నదే గది. మీ నాయనమ్మ దానికి బద్ధకం అని పేరు పెట్టింది" అన్నాను.

మర్నాడే ఆచరణలో పెట్టాను. అఫ్జల్‌గంజ్ బస్టాపులో నీళ్లలాగా నిలబడ్డాను. ఎవరినీ తోయలేదు, ఉరకలేదు. జనమే నన్ను ఎత్తినట్టు బస్సులోకి చేర్చారు. కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. అది మెహదీపట్నం పోయే బస్సు కావడం, మా ఇల్లు ఫలక్‌నుమాలో ఉండటం, అవి చిన్న సంగతులు.

సరిగ్గా ఆ వారమే మా గల్లీలో రామ్‌చందర్ ఇంటికి కష్టం వచ్చింది. వాళ్లది తాతల నాటి పాల వ్యాపారం. ఒకప్పుడు కొట్టం నిండా బర్రెలుండేవి, ఇప్పుడు మిగిలింది ముత్యాలు ఒక్కటే. దాని పాలు పితికేది రామ్‌చందర్ భార్య కొమురమ్మ. ఎనిమిదేళ్లుగా ఆమె చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఆ పొదుగును ముట్టలేదు. అలాంటి కొమురమ్మ మంగళవారం నాడు పేడ మీద కాలు జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు తీయొద్దన్నాడు డాక్టరు.

బర్రెతో చిక్కేమిటంటే, పాలు మనం తీసుకునేవి కావు, అది ఇచ్చేవి. దానికి మనసైతే చేపుకు వస్తుంది, అంటే పొదుగులోకి పాలు తనంతట తానే దించుతుంది. మనసు కాకపోతే మీరు పళ్లు కొరుక్కుంటూ పిండినా రాదు. ముత్యాలు రామ్‌చందర్ చేతికి చేపుకు రాలేదు. బుధవారం రెండు పూటలా కలిపి గ్లాసెడు పాలు. దూడ ఎప్పుడో పెరిగి గడ్డికి మళ్లింది. పొదుగు రాయిలాగా గట్టిపడింది. ఇంకో రెండు రోజులు ఇట్లాగే ఉంటే పొదుగు చెడిపోతుంది. అందుకని రామ్‌చందర్, బర్రెల బేరగాడు ప్రేమ్‌రాజ్‌కు ఫోన్ చేశాడు. శుక్రవారం పొద్దున ఏడింటికి బండి తెస్తానన్నాడు ప్రేమ్‌రాజ్.

కొమురమ్మ ఏడవలేదు. ముత్యాలు ముందు పీట వేసుకొని కూర్చుంది.

"దీన్ని ఎక్కిచ్చిన బండ్లనే నన్ను గూడ ఎక్కియ్యి. ఇద్దరం ఒక్క కాడనే పడి ఉంటం" అంది.

"మరి పాలు దిగెటందుకు సూదిమందు ఏపిస్తనే" అన్నాడు రామ్‌చందర్.

"సూది అన్నవంటే ఉన్న ఇంకో చెయ్యి గూడ ఇరగ్గొట్టుకుంట."

గురువారం పొద్దున రామ్‌చందర్ పెళ్లాం చీర కట్టాడు. నవ్వకండి, పాలవాళ్లలో అది పాత పద్ధతే. పితికే మనిషి మారితే బర్రెకు తెలియకుండా చీరతో, చీర వాసనతో మభ్యపెడతారు. ఆకుపచ్చ చీర, నెత్తిన కొంగు, కొంగు కింద మీసాలు. గల్లీ అంతా వచ్చి చూసింది. ముత్యాలు అతన్ని పైనుంచి కిందిదాకా వాసన చూసి, కొంగు నమలడం మొదలుపెట్టింది.

"చీర మంచిగ కుదిరిందన్నా, నడకనే జర మార్చాలె" అన్నాడు ఇస్సాకు. అతను పక్కింటాయన, రైల్వేలో పని.

"నవ్వుడు బంద్ జేసి ఉపాయం జెప్పు భాయ్."

"ఉపాయమంటే గా పెద్దమనిషిని అడుగు. చైనా నుంచి కొత్త సరుకు దిగిందట."

అందరూ నా వైపు తిరిగారు. పిలిస్తే పోకపోవడం బలవంతం కిందికి వస్తుంది కాబట్టి పోయాను. కుర్చీ వేయించుకున్నాను.

"ఇప్పటి సంది ఎవ్వలు ఏం జెయ్యొద్దు" అన్నాను.

"ఏం జెయ్యకుంటే పాలెట్లొస్తయ్ కాకా?" అన్నాడు రామ్‌చందర్.

"గట్లనే వస్తయ్. బర్రె దారి బర్రెకుంటది, అడ్డం పడకుంటే సాలు. నువ్వు చీర ఇప్పి, బకెట్ పట్టుకొని దాని పక్కన ఊకె కూసో. బకెట్ ఖాళీగ ఉన్నదని ఫికర్ చెయ్యకు, ఖాళీ గూడ సామానే."

"ఖాళీ బకెట్ మా ఇంట్ల రెండొద్దుల సంది ఉన్నది కాకా. దానికి నువ్వెందుకు?"

వినలేదు నేను. కట్టుతాడు వదులు చేయించాను. జనాన్ని పంపించాను. పక్కింటి కుక్కరు కూత ఆపించాను. గల్లీ చివర మైకు పెట్టుకొని ఉల్లిగడ్డలమ్మే ఆటోవాణ్ణి రెండు గల్లీల అవతలికి తోలాను. ఇస్సాకు దగ్గుతుంటే ఇంట్లోకి పోయి దగ్గమన్నాను. కొమురమ్మ ఏదో అనబోతే వేలు చూపించి, "నువ్వు అసలే నోరు తెరవకు బిడ్డా, మాట గూడ బలవంతమే" అన్నాను. ఏమీ చేయకుండా ఉండటానికి ఆ రోజు నేను పడినంత కష్టం నా జన్మలో ఏ పనికీ పడలేదు.

సాయంత్రం దాకా కొట్టంలో ఈగ వాలిన చప్పుడు తప్ప ఇంకోటి లేదు. ముత్యాలు మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. దేనికోసమో వెతుకుతున్నట్టు చెవులు తిప్పింది. చివరికి నీళ్ల మార్గాన్ని అది కూడా పాటించి నా చెప్పుల మీద వదిలింది. పాలు మాత్రం లేవు.

శుక్రవారం ఐదింటికి మళ్లీ కూర్చున్నాం. ఆరయింది. ఆరున్నరయింది. రామ్‌చందర్ పితుకుతున్నాడు, బకెట్ అడుగు తడవలేదు. ఏడుకు పది నిమిషాలుందనగా గల్లీ మొగదల ప్రేమ్‌రాజ్ బండి హారన్ వినిపించింది. రామ్‌చందర్ లేచి, కళ్లు తుడుచుకొని, తాడు విప్పడానికి చెయ్యి పెట్టాడు.

అప్పుడు లేచింది కొమురమ్మ. పిండికట్టు చెయ్యి రామ్‌చందర్ వైపు చాపి, బర్రెతో మొదలుపెట్టింది.

"చూస్తున్నవా ముత్యాలూ, గీ మనిషిని చూస్తున్నవా. పని జెయ్యమంటే చాయ్ అడుగుతడు. చాయ్ ఇస్తే బిస్కెట్ అడుగుతడు. బిస్కెట్ చాయ్‌ల పడితే తీసుకునేటందుకు చెంచా అడుగుతడు. గింత వయసొచ్చింది, ఒక్క బర్రె మనసు తెల్వదు. లోకానికి మాత్రం నీతులు జెప్తడు. నేను నోరు మూసుకోవాల్నంట. ఎవని కొట్టంల ఎవడు నోరు మూసుకోవాలె?"

ముత్యాలు నెమరు ఆపింది. చెవులు ముందుకు వచ్చాయి. తోక వదులైంది. రాయిలాంటి పొదుగు నా కళ్ల ముందే మెత్తబడింది.

"కూసో కాకి మొకపోడా, పితుకు" అని అరిచింది కొమురమ్మ మొగుడి మీద. అతను కూలబడి పొదుగు పట్టాడు. బకెట్లో జుయ్యిమని చప్పుడు. ఆమె తిట్టినకొద్దీ ధార లావైంది, ఊపిరి తీసుకోవడానికి ఆగితే సన్నబడింది.

సంగతేమిటంటే, ఎనిమిదేళ్లుగా కొమురమ్మ పాలు పితుకుతూ మనసులో ఉన్నదంతా ఆ బర్రెకు చెప్పుకొనేది. అత్త మీద, ఆడబిడ్డ మీద, కరెంటు బిల్లు మీద, మొగుడి మీద. ఆ తిట్లు వింటే తప్ప ముత్యాలుకు పాలు పితికే వేళయినట్టు తెలియదు. చెయ్యి ఎవరిదైనా దానికి ఒకటే. చెయ్యి విరిగిన మనిషి బెంగతో నోరు మూసుకుంది, మిగిలిన నోరు నేను మూయించాను. కాబట్టి మొదట్లో నేను చెప్పుకున్న గొప్ప వెనక్కి తీసుకుంటున్నాను. బర్రె దారి బర్రెకు ముందే ఉంది. ఆ దారికి అడ్డంగా కుర్చీ వేసుకొని కూర్చున్నది తావో తెలిసిన మనిషి ఒక్కడే.

ప్రేమ్‌రాజ్ వచ్చి, గడప దగ్గర నిలబడి కాసేపు విన్నాడు.

"మా ఇంట్ల గూడ గిట్లనే తిడతది గని, పాలు రావు" అని బండి తిప్పుకొని పోయాడు.

పిండికట్టు విప్పేదాకా ఆరు వారాలు రెండు పూటలా ఇట్లాగే నడిచింది. రామ్‌చందర్ పితికాడు, కొమురమ్మ తిట్టింది, ముత్యాలు ఇచ్చింది. ఆ ఆరు వారాలు నేను పొద్దున్నే ఐదింటికి, మళ్లీ సాయంత్రం ఐదింటికి వాకింగ్‌కు పోతున్నానని ఇంట్లో చెప్పాను. నడిచింది మాత్రం నాలుగిళ్ల దూరం.

ఎందుకంటారా? ఈ కథలో నేను కల్పించింది ఒక్కటే ఉంది. ఆ శుక్రవారం కొమురమ్మ చెయ్యి చాపింది రామ్‌చందర్ వైపు కాదు, నా కుర్చీ వైపు. ఎదురుగా నేను కూర్చుంటేనే ఆమెకు తిట్లు ఊరతాయి. రామ్‌చందర్ అసలు చాయ్ తాగడు.